వాసన లేని ఇల్లు

"సాయంత్రం అయిదింటికల్లా ల్యాబ్ రిపోర్టు నా చేతికొస్తుంది. రాగానే ఆవిణ్ణి జీపెక్కిస్తాను. ఈలోగా మీరు చేసుకునేదేదో చేసుకోండి గురువుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గురువుగారూ అంటున్నాడు కదా, గౌరవం అనుకునేరు. అదేం లేదు. మందుల తనిఖీ శాఖలో ఉద్యోగం మానేసి నేను డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్న రోజు నుంచీ అతనికి నేనంటే ఒళ్ళుమంట. అతను తాళం వేసిన కేసులు ఒకటి రెండు నేను మళ్ళీ తెరిపించాను మరి. గేటు దగ్గర నిలబడి వాచీ వంకా నా వంకా మార్చి మార్చి చూస్తుంటే, పరీక్ష హాల్లో కాపలా ఉండే మాస్టారు గుర్తొచ్చాడు.

అతను జీపెక్కిస్తానంటున్నది ఆ ఇంటి ఇల్లాలిని. భర్త పోయి ఇంకా రెండు వారాలు కాలేదు. ఆయన మద్యం ఫ్యాక్టరీలో టేస్టరు. పీపాల్లోంచి తీసిన సరుకు వాసన చూసి, నాలుక మీద వేసుకుని, ఏది ఎంత పాళ్ళలో కలపాలో చెప్పడం ఆయన పని. చూసి ఉమ్మేయాలని రూలు. మొదట్లో ఉమ్మేవాడే. పోనుపోను మింగడం అలవాటైంది. చివరికి ఆస్పత్రిలో లివర్ పూర్తిగా చెడిపోయి పోయాడు.

తాగేవాడి లివర్ చెడిపోవడంలో వింతేముందని డాక్టర్లూ అనుకున్నారు. కానీ ఆఖరి నెలల్లో ఆయన కనుబొమ్మలు రాలిపోయాయి. అరచేతుల తోలు పొరలు పొరలుగా ఊడింది. పెదవులు చీలి నెత్తురొచ్చేది. తలనొప్పి వస్తే గోడకి తల ఆనించి ఏడ్చేవాడట. ఇవి ఒట్టి తాగుడు లక్షణాలు కావు, విషప్రయోగం కావచ్చు అని ఒక డాక్టరు రాశాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి వంటింటి అటక మీద ఎలకల మందు డబ్బా పట్టుకున్నాడు. దానికి తోడు, ఎదురింటావిడ తన కిటికీలోంచి చూశానని చెప్పింది. ఈ ఇల్లాలు మొగుడి కంచంలో ఏదో పిండుతోందట, రోజూనట. పోలీసులకి ఇంకేం కావాలి?

నన్ను పిలిపించింది కూతురు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. "అమ్మ నోరు విప్పట్లేదు అంకుల్. మీరు విప్పించండి. అమ్మని తీసుకెళ్ళిపోతే నాన్నమ్మ ఈ దెబ్బకి బతకదు. నేనొక్కదాన్నీ ఈ ఇంట్లో ఉండలేను," అంది.

ఉండలేను అన్న మాట నాకు గుమ్మం దగ్గరే అర్థమైంది. చెప్పులు విడుస్తుంటే ఆ పిల్ల, "అంకుల్, బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కురండి, సిగరెట్ వాసనొస్తోంది," అని, అంతలోనే నాలుక కరుచుకుని పాలిపోయింది.

"ఎవరికి ఇబ్బంది ఇప్పుడు," అంది నెమ్మదిగా. "అలవాటు."

నేను వెళ్ళి కడుక్కునే వచ్చాను.

ఆ ఇంట్లో వాసన లేదు. చెప్తే నమ్మరు, మనుషులున్న ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది కదా, పోపు వాసనో, తడిబట్టల వాసనో, తలనూనె వాసనో. ఇక్కడేమీ లేదు. ముక్కు పాడైతే ఆయన ఉద్యోగం పోతుందని ఏళ్ళ తరబడి సబ్బు దగ్గర్నుంచి పౌడరు దాకా అన్నీ మానేశారు. పూలు కొనరు. అగరొత్తి వెలిగించరు. ఘాటు వేపుళ్ళు ఆయన డ్యూటీకి వెళ్ళాకే. ఆయన పోయాక కూడా ముగ్గురు ఆడవాళ్ళూ ఆ నియమం తప్పలేదు. భోజనాల బల్ల దగ్గర ఆయన కుర్చీ ఎలా జరిపి ఉందో అలాగే ఉంది. మాటలు కూడా ఆయన పక్కగదిలో పడుకున్నట్టే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. నాకు భయాలు తక్కువ. అయినా ఆ ఖాళీ గాల్లో నిలబడితే వెనక ఎవరో ఊపిరి బిగబట్టి నన్నే వాసన చూస్తున్నట్టనిపించింది.

ఇల్లాలు వంటింట్లో పీట మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎండిపోయిన మొహం.

"అమ్మా, మీ వారి కంచంలో ఏం పిండేవారు?"

కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఎలకల మందా?"

"కాదు," అంది వెంటనే. అంత వెంటనే వచ్చే మాట అబద్ధం కాదు.

"మరేంటి?"

"నేనే కలిపాను. ఆయనకి జరిగినదానికి నేనే కారణం. ఇంకెవరూ లేరు. ఇంకేం అడక్కండి."

ఇంకెవరైనా ఉన్నారా అని నేను అడగలేదు. అడగని దానికి జవాబు వచ్చిందంటే దాని వెనక మనిషి ఉన్నట్టే. ఎవర్ని కాస్తోంది ఈవిడ? అత్తగారినా?

"ఆయన బాగా తాగేవారా?" అన్నాను.

ఆవిడ గబుక్కున పెద్దావిడ గది వైపు చూసింది. "ఈ ఇంట్లో ఆ మాట అనకండి. డ్యూటీ ఎక్కువైంది అంటాం."

తూలుతూ వస్తే డ్యూటీ ఎక్కువైంది. మెట్ల మీద పడిపోతే ఇవాళ డ్యూటీ మరీ ఎక్కువైంది. ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో ఆ మాట అలాగే నడిచింది. నవ్వొచ్చే సంగతే గానీ, ఆవిడ మొహం చూస్తూ ఎవరూ నవ్వలేరు.

లేచి భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీలో పిల్లి ఉంది. బూడిదరంగు పిల్లి, బలిసినది, బొచ్చు అక్కడక్కడ ఊడిపోయింది. ష్ అన్నాను. మామూలు పిల్లయితే తల తిప్పి చూస్తుంది. ఇది ముందు కాళ్ళు కదిపింది, తర్వాత నడుము కదిపింది, మెడా ఒళ్ళూ కలిపి చెక్కబొమ్మలా మొత్తం ఇటు తిరిగి అప్పుడు చూసింది.

"వాడే చూస్తున్నాడు నాయనా," అంది వెనక నుంచి ఓ గొంతు.

పెద్దావిడ. టేస్టరు తల్లి. గోడ పట్టుకుని నిలబడింది.

"మా అబ్బాయి కూడా ఆఖర్లో ఇలాగే చూసేవాడు. మెడ తిరిగేది కాదు. పిలిస్తే మనిషి మనిషంతా తిరిగేవాడు. వాడు ఆస్పత్రికి వెళ్ళిన రోజు నుంచీ ఇది ఆ కుర్చీ దిగడం లేదు. దాన్ని లేపకు."

"ఎప్పట్నుంచి ఇలా ఉందమ్మా దీని మెడ?"

"వాడికి తలనొప్పులు మొదలైన దగ్గర్నుంచే అనుకో. వాడి కంచంలో మిగిలిందే తినేది. వాడే పెట్టేవాడు, సగం వాడు, సగం అది."

నేను ఆ పిల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. మెడ వెనక వేలు పెట్టి తడిమితే ఎముకలు ముడులు ముడులుగా గట్టిపడి ఉన్నాయి. ఇలాంటి పిల్లులను తనిఖీల రోజుల్లో చూశాను, మాంసం దుకాణాల వెనకాల రోజూ కార్జం ముక్కలు తిని పెరిగినవి. కార్జంలో ఉండేదేమిటో, అది ఎక్కువైతే ఎముకల్ని ఏం చేస్తుందో మాకు అప్పట్లో పాఠం చెప్పారు. పిల్లి మూతి దగ్గరికి వంగాను. వాసన లేని ఆ ఇంట్లో అదొక్కటీ గుప్పున కొట్టింది. చేపనూనె.

"మీ ఇంట్లో చేపలు వండుతారా?"

"శివ శివా," అంది పెద్దావిడ. "వాసనకి వాడు ఇల్లు పీకి పందిరేసేవాడు."

అక్కణ్ణుంచి వెతకడం తేలికైంది. వాసన పట్టుకుని వెళ్ళాను. వంటింటి గోడకున్న కేలండరు వెనక, మేకు పక్కన ఒక పిన్నీసు గుచ్చి ఉంది. మొన కొంచెం వంకర పోయింది. వేళ్ళతో తీస్తే జిడ్డు. అదే వాసన. మందు గుళికకి పిన్నీసుతో చిల్లు పెట్టి, లోపలి నూనె కంచంలోకి పిండితే ఎదురింటి కిటికీకి సరిగ్గా ఎదురింటావిడ చెప్పినట్టే కనబడుతుంది.

ఇల్లాలికి చూపించాను. ఆవిడ దాన్ని చూసి తల దించుకుంది. చెప్పమని బలవంతపెట్టలేదు, ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నానంతే. కాసేపటికి తనే చెప్పింది, పక్కగదికి వినబడనంత నెమ్మదిగా.

"లివర్‌కి రక్ష అని రాసుంది. డాలు బొమ్మ ఉంటుంది సీసా మీద. తాగే, అదే, డ్యూటీ చేసేవాళ్ళకి లివర్ పాడవకుండా కాపాడుతుందన్నారు. ఆయనకిస్తే విసిరికొట్టేవాడు. నాకేం జబ్బు, నేను తాగుబోతునా, అది నా ఉద్యోగం అనేవాడు. అందుకని తెలీకుండా కలిపాను. అత్తయ్యకి తెలిస్తే కొడుక్కి మందు పెడుతున్నానంటుంది. ఇంతే."

"సీసా ఏది?"

"కాలవలో పారేశాను. ఆయన పోయిన మర్నాడు."

"ఎందుకు? పోలీసులు అప్పటికి రాలేదే?"

ఆవిడ లేచి పొయ్యి వైపు తిరిగింది. ఎంత అడిగినా మళ్ళీ ఇటు తిరగలేదు.

ఇన్‌స్పెక్టర్ వరండాలో టీ తాగుతున్నాడు. చెప్పాను. కూతురు గుమ్మంలో నిలబడి వింటోంది. అతను వింటూ వింటూ గ్లాసు కింద పెట్టాడు.

"పిల్లిని సాక్షిగా పిలవమంటారా కోర్టుకి?"

"పిలవండి, మీ ఎదురింటావిడ కన్నా నయం. ఎలకల మందయితే ఆ కంచంలో తిన్న పిల్లి వారం తిరక్కుండా చచ్చేది. నెలల తరబడి బతికింది, మెడ బిగుసుకుపోయింది. విటమిన్ ఏ ఎక్కువైంది దానికి. కార్జంలో, చేపనూనెలో ఉండేది అదే. మనిషికీ అదే. కనుబొమ్మలు రాలడం, తోలు ఊడటం, పెదవులు చీలడం, తలనొప్పి, ఎముకల నొప్పులు అన్నీ సరిపోతాయి."

"విటమిన్‌తో మనిషి చస్తాడా? మా ఆవిడ నాకు రోజూ ఒకటి మింగిస్తుంది."

"ఒకటి మింగండి, ఏం కాదు. తాగేవాళ్ళ లివర్‌లో ఈ విటమిన్ నిల్వలు తగ్గిపోతాయి. అది నిజమే. అందుకే ఈ సీసాలు అమ్ముకుంటున్నారు. తగ్గింది కదా, పోస్తే సరిపోతుందని. కానీ ఎక్కువ పోస్తే అదే లివర్‌ని కాలుస్తుంది. పైన తాగుడు కూడా ఉంటే మరీ త్వరగా. రెండూ కలిసి ఒకే చోట పనిచేస్తాయి. ఆవిడ చంపడానికి కలపలేదు ఇన్‌స్పెక్టర్, కాపాడదామని కలిపింది."

అతను లేచి నిలబడ్డాడు. మాట విసరడానికి ముందు అతను కొంచెం నవ్వుతాడు, ఇప్పుడూ అలాగే నవ్వాడు.

"బావుంది. ఒక్కటి చెప్పండి. గేటు దగ్గర మనిషి ఏ సబ్బుతో స్నానం చేశాడో లోపల్నుంచి చెప్పేవాడట టేస్టరు. పీపాలో ఒక్క చుక్క తేడా వస్తే పట్టుకునేవాడట. అందుకే కదా ఫ్యాక్టరీ ఆయన్ని నెత్తిన పెట్టుకుంది? అలాంటి నాలుక గల మనిషి కంచంలో పెళ్ళాం చేపనూనె పిండుతుంటే తెలుసుకోలేకపోయాడా? నెలల తరబడి? రోజూ?"

నేను చేతిలో ఉన్న పిన్నీసు వంక చూశాను.

"అందుకే అంటున్నాను," అన్నాడు. "రుచీ వాసనా లేనిదేదో పెట్టింది. ఆ పిన్నీసు నాటకం మీకోసం. అయిదింటికి కలుద్దాం."

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్నకి నాకు చెమటపట్టింది. మళ్ళీ లోపలికి వచ్చి ఆ కుర్చీ ఎదురుగా కూర్చున్నాను. పిల్లి ఒళ్ళంతా తిప్పి నన్ను చూసింది. నీకు తెలీదా అన్నట్టుంది ఆ చూపు. పెద్దావిడ వచ్చి, కుర్చీ ముందు బల్ల మీద ఒక పాలగ్లాసు పెట్టింది. మధ్యాహ్నం పూట, చనిపోయిన మనిషికి.

"రోజూ పాలు తాగేవారా అమ్మా?"

"ఊఁ. పడుకునే ముందు, నా చేత్తో ఇస్తేనే తాగేవాడు. మానలేకపోతున్నాను. పిల్లి తాగుతుందిలే."

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆవిడ చెయ్యి నా చెయ్యి మీద పడింది. ముసలి చెయ్యి, కానీ పట్టు గట్టిగా ఉంది.

"కోడలికి చెప్పకు బాబూ."

"ఏం చెప్పొద్దంటారు?"

"అందులో ఏం వేస్తున్నానో. లివర్‌కి మంచిదన్నారు, ఎవరో చెప్తే తెచ్చుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ముందు నా కొడుకు తాగడు, తాగడు అని వాదించినదాన్ని. ఇప్పుడు నేనే ఆ మందు తెచ్చి పోస్తున్నానంటే దాని మొహం ఎలా చూడను? పోయాక కూడా పోస్తున్నానంటే పిచ్చిదాన్నంటారు."

బట్టల పెట్టెలో, చీరల మడతల మధ్య నుంచి సీసా తీసి ఇచ్చింది. డాలు బొమ్మ. మూత మీద వీధి చివరి మందుల షాపు చీటీ.

ఇద్దరు. ఒకే ఇంట్లో, ఒకే మనిషికి, ఒకరికి తెలీకుండా ఒకరు. కోడలు అత్తగారికి భయపడి, అత్తగారు కోడలికి మొహం చెల్లక. ఇల్లాలు కాస్తున్నది అత్తగారినే అని నాకు గట్టిగా అనిపించింది. అత్త సీసా సంగతి ఎలాగో పసిగట్టి, ఆ తప్పు కూడా తన నెత్తినే వేసుకుంటోంది. తృప్తిగా లేచాను. తృప్తి పడినప్పుడల్లా నేను ఏదో ఒకటి తప్పు చూస్తానని నాకు తెలిసుండాల్సింది.

పాలగ్లాసు మాత్రం సింకులో ఒంపేశాను. పిల్లికి ఇక చాలు.

ఇన్‌స్పెక్టర్‌కి పెద్దావిడ సంగతి చెప్పి, సీసా ఒకసారి ఎత్తి చూపించి జేబులో వేసుకున్నాను. "రిపోర్టు చూద్దాం," అన్నాడంతే. మందుల షాపుకి నాతో కూతురు వచ్చింది. దారి మధ్యలో, "విటమిన్‌కి నిజంగా అంత పని అవుతుందా అంకుల్?" అని అడిగింది. అవుతుందన్నాను. ఆ తర్వాత నడక తగ్గించింది. నాకు అప్పటికీ అర్థం కాలేదు.

షాపు పెద్దాయన బక్కపలచటి మనిషి, ముక్కు మీద కళ్ళజోడు. సీసా కౌంటరు మీద పెట్టాను.

"ఈ అమ్మాయి వాళ్ళ అమ్మా, నాన్నమ్మా ఇద్దరూ ఇది మీ దగ్గరే కొన్నారు. ఒకే ఇంటికి ఇద్దరు కొంటున్నారని తెలిసి ఎలా అమ్మారండీ?"

ఆయన నా వంక చూడలేదు. నా భుజం మీదుగా ఆ పిల్లని చూశాడు.

"ఇద్దరే అని అమ్మాయి చెప్పిందా?"

వెనక్కి తిరిగాను. ఆ పిల్ల రెండు చేతులూ సంచి మీద వేసి, దాన్ని కడుపుకి గట్టిగా అదుముకుని నిలబడి ఉంది.

"పొద్దున ఆమ్లెట్ నేను వేసేదాన్ని అంకుల్," అంది. "విటమినే కదా అనుకున్నాను. ఎలకల మందు కాదని నాకు తెలుసు, అమ్మ చంపలేదని తెలుసు, అందుకే మిమ్మల్ని పిలిచాను. నేను వేసినదానికీ దీనికీ సంబంధమే లేదనుకున్నాను. మీరు ఇన్‌స్పెక్టర్‌కి పిల్లి సంగతి చెప్పేదాకా."

అమ్మకెందుకు చెప్పలేదని అడగబోయి ఊరుకున్నాను. తండ్రి తాగుతాడని కూతురికి తెలీదనుకుంటూ ఆ తల్లి ఇరవై ఏళ్ళు డ్యూటీ అని మాట మార్చింది. నాకు తెలుసమ్మా అని ఈ పిల్ల చెప్పాలంటే ముందు తల్లిని అబద్ధాలకోరుని చేయాలి. చెప్పకుండా నూనె పిండడమే సులువు.

"ఒకరి తర్వాత ఒకరు వచ్చారండి," అన్నాడు షాపు పెద్దాయన. "ముగ్గురూ ఒకటే మాట. ఇంట్లో ఎవరికీ చెప్పకండి అని. నేను చెప్పలేదు."

"గొప్ప పని చేశారు," అన్నాను. నాకు నిజంగానే కోపమొచ్చింది. "ముగ్గురికీ మాట నిలబెట్టుకున్నారు. మనిషి మాత్రం పోయాడు."

"నేనేం ఊరికే లేనండీ," అన్నాడాయన. "ఆయనకే చెప్పాను."

"ఎవరికి?"

"టేస్టరు గారికి. ఆయనే వచ్చాడు. చలి మొదలయ్యే రోజులు. డాలు బొమ్మ సీసా ఒకటి చూపించమన్నాడు. మూత తీసి వాసన చూసి, ఇదే అన్నాడు. పొద్దున ఆమ్లెట్‌లో ఇదే, రాత్రి కూరలో ఇదే, పడుకునే ముందు పాలల్లో ఇదే అన్నాడు. ఎవరు ఎంత వేస్తున్నారో కూడా చెప్పాడండీ, చూసినట్టే చెప్పాడు. అమ్మది చిన్న చెయ్యి, మా ఆవిడది కొలత తప్పదు, కూతురు మాత్రం ప్రేమకొద్దీ ఒంపేస్తోంది అని నవ్వాడు."

నా వెనక ఆ పిల్ల నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. మాట కాదు.

ఇన్‌స్పెక్టర్ అడిగినదానికి జవాబు దొరికింది. ఆ నాలుక ఏదీ వదల్లేదు. మొదటి ముద్దతోనే పట్టుకుంది. పట్టుకుని, మింగి, రేపు కూడా పెట్టమన్నట్టు కంచం ముందుకు జరిపింది.

"మీరేమన్నారు?" అన్నాను.

"ఇంత పడితే ప్రమాదం బాబూ, మందు అలవాటున్నవాళ్ళకి మరీను, ముందు అది మానండి అన్నాను. అది నా ఉద్యోగం అన్నాడు. పోనీ ఈ ముగ్గురిలో ఇద్దర్నైనా మానమనండి, ఒకరు వేస్తే చాలు అన్నాను." పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "ఇదిగో, ఇక్కడే చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎవర్నని మానమనను అన్నాడు. అంతే. ఎవర్నని మానమనను. తర్వాత, వాళ్ళొచ్చి అడిగితే లేదనకుండా ఇవ్వండి, ఈమధ్య ముగ్గురూ రాత్రిళ్ళు నిద్రపోతున్నారు అని చెప్పి వెళ్ళిపోయాడు."

నేను ఎన్నో షాపుల్లో ఎన్నో కౌంటర్ల ముందు నిలబడ్డాను. అలా ఎప్పుడూ నిలబడలేదు. ఆ మనిషి మెడ బిగుసుకుపోయి, ఒళ్ళంతా తిప్పి తిప్పి ఆ ముగ్గురినీ చూడటం, ఒక్కొక్కరి చేతిలోంచి తీసుకుని, బావుంది అనడం, అంతా నా కళ్ళ ముందు జరుగుతున్నట్టే ఉంది. ఆయన మీద కోపం వచ్చింది. తాగుడు మానొచ్చు కదా. ఒక్క మాట అనొచ్చు కదా. కోపం వచ్చింది గానీ అది ఎటు చూపించాలో తెలీలేదు.

ఫోను మోగింది. ఇన్‌స్పెక్టర్.

"రిపోర్టు వచ్చింది. ఎలకల మందు లేదు. మీ విటమినే," అన్నాడు. గొంతులో ఎకసెక్కం లేదు ఈసారి. "కానీ డాక్టరు ఒకటంటున్నాడు. లివర్‌లో పేరుకున్నది చూస్తే, ఒకావిడ కూరలో పిండినదానికీ, ముసలావిడ పాలల్లో వేసినదానికీ ఎక్కడా అందడం లేదట. వాళ్ళిద్దరికన్నా ఎక్కువ వేసిన చెయ్యి ఇంకొకటి ఉందట. ఈవిణ్ణడిగితే అంతా నేనే అంటోంది. అంతా నువ్వే అయితే తెలిసే చేశావన్నమాట అన్నాను. అవును, తెలిసే చేశాను, రాసుకోండి అంటోంది. ఇప్పుడు జీపులో కూర్చుంది. నాక్కూడా నమ్మబుద్ధి కావట్లేదు గురువుగారూ, కానీ సంతకం పెడితే నేను చెయ్యగలిగేది లేదు. ఆ మూడో చెయ్యి ఎవరిదో మీకు తెలుసా?"

ఎవరి పేరు చెప్పను? నన్ను పిలిపించిన పిల్ల నా ఎదురుగా ఉంది. తల్లిని దింపాలంటే కూతుర్ని చూపించాలి.

ఆ పిల్లే చెయ్యి చాపింది. ఫోను ఇచ్చాను.

"ఇన్‌స్పెక్టర్ గారూ, అమ్మకివ్వండి," అంది. అటువైపు ఏదో అన్నాడు. "ఒక్కసారి ఇవ్వండి."

షాపు పెద్దాయన ఫ్యాను ఆపేశాడు. ఎందుకాపాడో ఆయనకే తెలియాలి. ఆ నిశ్శబ్దంలో ఫోన్లోంచి తల్లి గొంతు నాకూ వినబడింది.

"అమ్మా, నేను కూడా వేశాను. ఆమ్లెట్‌లో."

"నాకు తెలుసే," అంది తల్లి. "నాన్న పోయిన మర్నాడు నీ సంచి ఉతుకుదామని తీస్తే సీసా కనబడింది. అప్పుడే అర్థమైంది నాకు, మనిద్దరం ఏం చేశామో. నాది పారేశాను. నీది నీ సంచిలోనే పెట్టేశాను, నాకు తెలిసినట్టు నీకు తెలియకూడదని. నువ్వు నోరు మూసుకో. నేను సంతకం పెట్టేస్తాను. నీకు బోలెడు జీవితం ఉంది. నాన్నమ్మకి గానీ ఇంకెవరికి గానీ చెప్పకు. విన్నావా? ఎవరికీ చెప్పకు."

కాలవలో పారేసిన సీసా, నేను అడగని ప్రశ్నకి వచ్చిన జవాబు, రెండూ అప్పుడు నాకు అర్థమయ్యాయి. ఆవిడ కాస్తున్నది అత్తగారిని కాదు. కూతుర్ని.

ఆ పిల్ల కౌంటరు పట్టుకుని నిలబడింది. మొహమంతా తడి. తుడుచుకోలేదు.

"నాన్నకి తెలుసమ్మా," అంది. "నీదీ తెలుసు, నాదీ తెలుసు, నాన్నమ్మదీ తెలుసు."

"నాన్నమ్మదా?" అంది ఆవిడ. "ఆయనకి... తెలుసా?"

"మొదటి రోజు నుంచీ తెలుసు. ఎవరికీ చెప్పలేదు, అంతే." ఊపిరి పీల్చుకుంది. "నువ్వు సంతకం పెట్టకు. ఇన్‌స్పెక్టర్ గారూ, వింటున్నారా? స్పీకరు పెట్టండి. జీపు అక్కడే ఉంచండి, నేనొస్తున్నాను. నాన్నమ్మని కూడా బయటికి పిలవండి."